పాలగిన్నెలో టింక్చరు చుక్క

నా చిన్నప్పుడు మా పక్కవాటాలో ఒక నర్సక్క అద్దెకుండేది. రెంటచింతలకీ గురజాలకీ మధ్య ఉన్న మా ఊరికి అప్పట్లో ఆసుపత్రి లేదు. ఆసుపత్రి అంటే ఆమే. చేతిలో ఒక రేకు పెట్టె, ఎండకి నల్ల గొడుగు, ఈ రెండూ లేకుండా ఆమెని ఎవరూ చూసి ఉండరు. పెద్దవాళ్ళు నర్సమ్మ అనేవాళ్ళు, మేం పిల్లలం నర్సక్క అనేవాళ్ళం. పెళ్ళి కాలేదు, ఒక్కతే ఉండేది. ఒక్కదాన్నే ఉన్నానే అని దిగులుపడటానికి ఆమెకి తీరిక ఉండేది కాదు.

బడి లేనప్పుడల్లా నేను ఆమె వెనకాలే. మా అమ్మ నన్ను వెతకాల్సి వస్తే ముందు పక్కవాటాలోకి తొంగి చూసి, ఆ తర్వాతే వీధిలోకి వెళ్ళేది. నాకు ఆ రేకు పెట్టె అంటే పిచ్చి. మూత తియ్యగానే ముక్కు అదిరే వాసన వచ్చేది. అందులో దూది, కత్తెర, గుడ్డ పీలికలు, ముదురు గోధుమరంగు సీసాలో టింక్చరు. చెట్లెక్కి దూకే పిల్లని కాబట్టి నా మోకాళ్ళు ఎప్పుడూ చీరుకుపోయి ఉండేవి. ఆ మందు రాస్తే ప్రాణం పోయినంత మండేది. అయినా ఆ తర్వాత మోకాలు ఎర్రమట్టి అలికినట్టు నిగనిగలాడటం నాకు గొప్పగా ఉండేది, ఊరంతా చూపించుకుని వచ్చేదాన్ని.

నర్సక్క చేసే పనుల్లో మా నాయనమ్మకి ససేమిరా నచ్చనిది ఒకటుంది. మంచినీళ్ళ బావిలో బ్లీచింగ్ పౌడర్ కలపడం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఆ గాలికి వీపు పెట్టి నిలబడి, పొడిని బకెట్ నీళ్ళలో కలిపేది. పైన తేరిన నీళ్ళు బావిలో పోసేది. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ పొడి మీద పాయిఖానా కడిగే యాసిడ్ పడిందా, లేచే గాలికి మనిషి ఊపిరాడక అక్కడే కూలబడతాడని మా అమ్మలందరికీ చెప్పి వెళ్ళేది. మా నాయనమ్మ మాత్రం ఆ నీళ్ళు వాసన చూసి మొహం చిట్లించి, "బంగారం లాంటి బావిలో ఏందో మందు కలిపిపోయింది" అని సాయంత్రం దాకా సణిగేది. అలా సణిగినా, నర్సక్క ఒక్కతే వండుకుంటోందని రోజూ కూరగిన్నె పంపేది కూడా మా నాయనమ్మే. ఆమె కోపమూ ఆమె పెట్టుపోతలూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వచ్చేవి కావు.

బావిలో పోసిందీ నా మోకాలికి రాసిందీ అక్కాచెల్లెళ్ళని నర్సక్క ఒకసారి నాకు కథలా చెప్పింది. ఒక ఇంట్లో నలుగురు ఆడపిల్లలట. నలుగురి మెడలోనూ ఎనిమిది పూసలు ఉండాల్సిన దండలో ఒక్క పూస తక్కువట. ఆ ఒక్క పూస కోసం కనపడిన వాళ్ళందరి మీదా పడి లాక్కుంటారట. పెద్దది ఫ్లోరిన్, అందరికంటే రాకాసి. దాని యాసిడ్ పోస్తే గాజు సీసా కూడా కరిగిపోతుంది. మా వైపు నేలలో రాళ్ళల్లో దాక్కుని బోరు నీళ్ళలోకి దిగుతుంది. కొంచెమైతే పళ్ళకి మంచిదే, ఎక్కువైతే పళ్ళ మీద గారలు కడుతుంది, ఆనక ఎముకల్లోకి దిగి మనిషిని వంచేస్తుంది. ఎగువ బజారు బోరు నీళ్ళు తాగొద్దని నర్సక్క మొత్తుకునేది అందుకే. రెండోది క్లోరిన్, బావిలో పురుగుల్ని చంపేది. మూడోది బ్రోమిన్. దాన్ని గుంటూరులో చదివేటప్పుడు సీసాలో ఒక్కసారి చూసిందట, ఎర్రటి నీళ్ళలా ఉండి ఎర్రటి పొగలు కక్కుతుందట, ఒంటి మీద పడితే పుండేనట. అలాంటిది కూడా వెండితో కలిసి ఫోటో కాగితం మీద కుదురుగా కూర్చుంటుందని, మనం స్టూడియోలో తీయించుకునే ఫోటోలన్నీ దాని చలవేనని చెప్పింది. నాలుగోది అయోడిన్, నా మోకాలి మీదది. నలుగురిలోకీ నెమ్మది. వేడి చేస్తే ఊదారంగు ఆవిరై లేస్తుంది. తిండిలో అది కరువైతే గొంతు వాస్తుంది. అలాగని సీసా ఎత్తి తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంత పాడు పిల్లల్ని ఇంట్లో ఎలా పెట్టుకుంటారని అడిగాను. వాళ్ళకి కావలసిన పూస దొరికితే ఇంత సాధువులు ఇంకెవరూ ఉండరంది. సోడియం అనే ఒకడి మెడలో ఒక పూస ఎక్కువ ఉంటుందట. వాడు క్లోరిన్‌కి ఆ పూస ఇచ్చేస్తే ఇద్దరూ కలిసి మన పచ్చడి జాడీలోని ఉప్పు అవుతారట. నేను వంటింట్లోకి పరిగెత్తి ఉప్పు నాలుక మీద వేసుకుని చూశాను. అందులో బావి వాసన ఏమీ లేదు. చానా ఆశ్చర్యపోయాను.

ఇంకో మాయ కూడా చూపించింది. చల్లటి అన్నం మెతుకు మీద ఒక్క చుక్క టింక్చరు వేస్తే, గోధుమరంగు మందు కాస్తా సిరా అంత నీలంగా మారిపోయింది. అన్నంలో, గంజిలో, బంగాళాదుంపలో ఉండే పిండికి అయోడిన్ తగిలితే ఆ రంగే వస్తుందంది. ఇది చూశాక నా నోరు ఊరుకుంటుందా? ఇంట్లో అందరికీ చెప్పాను. నాయనమ్మ వత్తులు చేసుకుంటూ విననట్టే కూర్చుంది గానీ, ఆమె చెవిలో పడిన మాట ఎక్కడికీ పోదు.

ఆ ఎండాకాలం మా గేదె చూడితో ఉండి పాలు ఆపేసింది. మా నాయనమ్మ పుట్టి బుద్ధెరిగిన తర్వాత పాలు కొని ఎరగదు. పాడి ఉన్న ఇంట్లో పుట్టింది, పాడి ఉన్న ఇంటికే కోడలిగా వచ్చింది. అలాంటి మనిషి పొద్దున్నే అరుగు మీద గిన్నె పెట్టుకుని పాల కోసం ఎదురుచూడాల్సి రావడం ఆమెకి నామోషీగా ఉండేది. ఆ నామోషీ అంతా పాలు పోసే ఆమె మీదికి మళ్ళింది.

పాలు పోసే ఆమెని మేం పాలత్త అనేవాళ్ళం. ఊరి చివర ఉండేది, రెండు గేదెలు. మొగుడు నాపరాళ్ళ క్వారీలో పని చేసేవాడు. ఆ ఏడు ఒక రాతిపలక జారి కాలి మీద పడి మంచానికే అతుక్కుపోయాడు. ఇల్లు గడవాలంటే ఇక ఆ పాలే. మా బజారులో ఆమె దగ్గర పాలు పోయించుకునే ఇళ్ళన్నీ మా నాయనమ్మ మాట వినే ఇళ్ళే. మా నాయనమ్మ ఒక కూరగాయలవాడి బుట్ట బాగాలేదంటే వాడు ఆ రోజు మా బజారు దాటి పోవలసిందే. అందుకని ఆమె నోట్లోంచి పాలత్త గురించి ఏం మాట వస్తుందనేది చిన్న సంగతి కాదు.

కొన్నాళ్ళుగా నాయనమ్మ పాలు కాచినప్పుడల్లా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. గంజి వాసన వస్తోందనేది. మా అమ్మకీ వచ్చింది, నాకూ వచ్చింది. పెరుగు కూడా తోడుకోవడంలో ఏదో జిగటగా ఉంటోంది. నీళ్ళు కలిపితే పలచన తెలిసిపోతుందని గంజి కలుపుతోందని నాయనమ్మ తేల్చేసింది. మా అమ్మ కాదనలేకపోయింది, వాసన నిజమే కాబట్టి.

ఒకరోజు పొద్దున పాలత్త వచ్చి మా సత్తు గిన్నెలో పాలు పోసి లేవబోతుంటే, నాయనమ్మ కూర్చోమంది. నర్సక్కని కేకేసింది. ఆ సీసా పట్టుకుని రమ్మంది. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని పాల కోసం అప్పటికే వాకిట్లో ఉన్నారు. విషయం ఏమిటో తెలిశాక నర్సక్క వెనకాడింది. ఇలాంటివి నలుగురిలో చెయ్యడం బాగోదు మామ్మా అని మెల్లగా చెప్పి చూసింది. నాయనమ్మ వినలేదు. నర్సక్క ఇంకో మాట అనేలోపు పాలత్తే అంది.

"వెయ్యమ్మా. నా పాలల్లో తప్పుంటే నలుగురికీ తెలవనీ. నాకేంది భయం."

నర్సక్క గిన్నెలో కొన్ని చుక్కలు వేసింది. ముందు పాల మీద గోధుమరంగు వలయాలు కనపడ్డాయి. గిన్నె పట్టుకుని కొద్దిగా కదిలించేసరికి అడుగు నుంచి నీలం లేచింది. తెల్లటి పాలలో బూడిద కలిసిన నీలం, ఎవరు చూసినా తెలిసేటంత. పాలత్త మొహం చూడలేక నేను మా అమ్మ వెనక్కి వెళ్ళాను. ఆమె ఏడవలేదు. గిన్నెలోకి అలా చూస్తూ ఉండిపోయింది, తన పాలు తనకే కొత్తగా కనపడుతున్నట్టు.

"నా బిడ్డల మీద ఒట్టు పెద్దమ్మా, నేనేం కలపలా" అంది చివరికి. నాయనమ్మ రేపటి నుంచి మా వాకిట్లోకి రావద్దంది. వెనక ఉన్నవాళ్ళు గిన్నెలు కొంగు చాటుకి తీసుకున్నారు.

అప్పుడు నర్సక్క చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. ఆ నీలం పాలు ఎవరూ తాగడానికి లేదని ముందు తీసుకెళ్ళి పెంట మీద పారబోసింది. తర్వాత తన వాటాలోకి వెళ్ళి ఒక గ్లాసు తెచ్చి, పాలత్త ముందు పట్టి, "నాకు పొయ్యత్తా" అంది. పాలత్త బిందె వంచి పోసింది. నర్సక్క వాకిట్లో వాళ్ళ వైపు తిరిగి, ఒక్క గిన్నె చూసి ఒక మనిషికి తీర్పు చెప్పడం తనకి చేతకాదని, రేపు పొద్దున వరకూ ఎవరూ ఏమీ అనుకోవద్దని చెప్పింది. మాట మామూలుగానే అంది. ఇద్దరు ముగ్గురు మొహమాటానికి పాలు పోయించుకున్నారు. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. పాలత్త బిందెలో పాలు సగానికి పైగా మిగిలిపోయాయి.

నేను నర్సక్క వెనకే ఆమె వాటాలోకి దూరాను. గ్లాసులో పాలలో ఆమె మళ్ళీ చుక్కలు వేసింది. కదిలించింది. కాసేపు కిటికీ దగ్గర పెట్టి చూసింది. ఎంతసేపు చూసినా లేత గోధుమరంగే, నీలం ఛాయ కూడా లేదు. అంటే బిందెలో పాలు మంచివే. పాడైంది మా గిన్నెలోకి వచ్చాకే. నాకు ఒళ్ళంతా ఉడుకెత్తిపోయింది. ఈ గ్లాసు తీసుకెళ్ళి అందరికీ చూపిద్దాం పద అన్నాను. నర్సక్క నన్ను జడ పట్టుకుని ఆపింది.

"చూపిస్తే పాలత్త గెలుస్తుంది, మీ నాయనమ్మ ఓడుతుంది. ఓడిపోయిన మనిషి ఇంకెక్కడి నుంచో పాలు తెప్పించుకుంటుందే గానీ, పాలత్తని మళ్ళీ గడప ఎక్కనిస్తుందా? ఈ బజారంతా ఎవరి మాట వింటుంది?" అంది. నాకు సగమే అర్థమైంది. సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉండమంది. అంతకంటే కష్టమైన పని నాకు అంతకు ముందెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం రెంటచింతల ఎండ. బయట కాలు పెడితే చెప్పుల్లోంచి కాలేది. ఆ ఎండలో నర్సక్క గొడుగు వేసుకుని, నన్ను పక్కన నడిపించుకుని పాలత్త ఇంటికి వెళ్ళింది. పైకి మాత్రం ఆమె మొగుడి కాలికి కట్టు మార్చడానికి. గుడ్డ విప్పి, పుండు చుట్టూ టింక్చరు అద్దింది. ఆయన పళ్ళు బిగపట్టాడు గానీ కిక్కురుమనలేదు. పాలత్త గోడకి చేరబడి కూర్చుని ఉంది. మిగిలిన పాలు తోడేసినట్టుంది, కుండలు వరసగా మూతలు పెట్టి ఉన్నాయి. నర్సక్క కట్టు కట్టడం అయ్యాక, నీ పాలు నేను విడిగా చూశాను, మచ్చ లేదని చెప్పింది. మామ్మ తనంతట తాను తెలుసుకునేదాకా ఒక్క పూట ఓపిక పట్టమంది. ఓపిక పట్టలేకపోతే ఇప్పుడే వచ్చి అందరి ముందూ చెప్తానని కూడా అంది. ఆ మాట ఆమె నిజంగానే అంది, నేను విన్నాను.

పాలత్త లేచి ఒక కుండ మీద మూత సరిచేసింది. ఆ తర్వాత, "గెలిచి నేనేం జేసుకోనమ్మా. నేను పాలుపోసే ఇళ్ళు నాకుంటే చాలు" అంది. మొగుడు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. తిరిగి వస్తుంటే దారిలో నాకు ఏడుపు వచ్చింది. నర్సక్క గొడుగు నా వైపుకి వంచి నడిచింది.

అసలు సంగతేమిటంటే, మా ఇళ్ళల్లో గంజి మురికి కింద లెక్క కాదు. తెల్లారకముందే కూలీలకి అన్నం వండి, గంజి వార్చేవాళ్ళు. ఆ గంజి చూడి గేదె కుడితిలోకి పోయేది. వార్చడానికి నాయనమ్మ చేతికి అలవాటైన గిన్నె ఆ సత్తు గిన్నే. గంజి కుడితిలో వంపేసి, చేత్తో ఒకసారి తుడిచేసి, అరుగు మీద పెడితే అదే పాలగిన్నె. మామూలు రోజుల్లో అయితే బూడిద వేసి తోమి కడిగేది. ఆ ఎండాకాలం బావి అడుగంటి నీళ్ళు చెంబుల లెక్కన వాడుకుంటున్నాం. అన్నం నీళ్ళకి అంటు ఏమిటి, ఎంగిలా ఏమన్నానా అని తోమడం మానేసింది. మా ఊళ్ళో ఏ ఇంటి పెద్దావిడైనా అదే చేసేది. నర్సక్క ఈ సంగతి పొద్దున్నే పోల్చుకుంది, గోడకి అటువైపు నుంచి రోజూ చూస్తున్నదే కాబట్టి.

సాయంత్రం ఎండ దిగాక నాయనమ్మ అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. నర్సక్క సీసా పట్టుకుని వచ్చి, నన్ను ఆటకి పిలిచింది. ఏది నీలంగా మారుతుందో, ఏది మారదో నేను ముందే చెప్పాలి. తప్పు చెబితే గుంజీళ్ళు. ఉప్పు తెచ్చాను, మారుతుందన్నాను, మారలేదు. గుంజీళ్ళు తీశాను. బెల్లం మారలేదు. బంగాళాదుంప ముక్క మారింది. చింతపండు గింజ చితక్కొట్టి వేస్తే ఏదో మురికి రంగు వచ్చింది, దాని మీద ఇద్దరం పోట్లాడుకున్నాం. నాయనమ్మకి చూడకుండా ఉండటం కష్టమైంది. కాసేపటికి ఆమే, వాము తెచ్చి వెయ్యమని, పసుపు వెయ్యమని పురమాయించసాగింది.

నర్సక్క పొయ్యి మీద నుంచి పొగలు కక్కే గంజి తెప్పించి చుక్క వేసింది. రంగు రాలేదు. గంజికే గదా రావాలి అని నాయనమ్మ ముందుకి వంగింది. ఉండు మామ్మా, చల్లారనీ అంది నర్సక్క. ఆ గిన్నెని అలా వదిలేసి వేరే కబుర్లలో పడ్డాం. తర్వాత చూస్తే దానంతట అదే నీలం దిగి ఉంది. వేడిగా ఉన్నంతసేపూ ఈ రంగు నిలవదని, చల్లారాకే కనపడుతుందని చెప్పింది. పొద్దున నాయనమ్మ వేడి మీద ఉండగా కాకుండా సాయంత్రం దాకా ఆమె ఎందుకు ఆగిందో ఆ మాటలోనే ఉంది. అయితే అది నాకు ఆ రోజు తెలియలేదు, నాకే పిల్లలు పుట్టాక తెలిసింది.

ఆ తర్వాత వట్టి గిన్నెలు తెమ్మంది. నేను వంటింట్లోకి వెళ్ళి చేతికి అందినవన్నీ తెచ్చాను. రాగి చెంబు, ఇత్తడి గిన్నె, స్టీలు గ్లాసు, వాటితో పాటు సత్తు గిన్నె. నర్సక్క దేన్నీ వేలెత్తి చూపలేదు. వరసగా ఒక్కొక్క చుక్క వేస్తూ పోయింది. చెంబు మారలేదు, ఇత్తడిది మారలేదు, గ్లాసు మారలేదు. సత్తు గిన్నెలో చుక్క పడి జారినంత మేరా నీలిరంగు చార పరుచుకుంది. పొద్దున పాలు పారబోశాక దాన్ని నీళ్ళతో తొలిచి బోర్లించారు, అంతే. అడుగునా అంచునా ఎండిపోయిన గంజి పొర మామూలు కంటికి కనపడదు, అప్పుడు కనపడింది.

నేను నోరు తెరిచాను. నర్సక్క నా కాలు తొక్కింది. ఆమె గిన్నె వైపు చూడటం లేదు, నాయనమ్మ వైపూ చూడటం లేదు. సీసాకి బిరడా బిగించుకుంటోంది. అన్నం పొయ్యి మీద వెయ్యాలి, పొద్దుపోయింది, మామ్మా వస్తా అంటూ లేచింది. ఈ గిన్నెలన్నీ బాగా తోమందే వాడొద్దని, నా చేతులు సబ్బుతో కడుక్కోమని మాత్రం చెప్పింది. అంటుకున్న రంగు పోవడానికి నిమ్మకాయ పిండమంది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

నాయనమ్మ చింతపండు పక్కకి పెట్టింది. గిన్నె ఒళ్ళోకి తీసుకుని ఆ నీలం చారని చూపుడువేలితో రుద్దింది. వేలు వాసన చూసుకుంది. నేను నిమ్మచెక్క తెచ్చి ఇస్తే, దాంతో గిన్నె రుద్దింది, నీలం పోయింది. పోయినా ఇంకా రుద్దుతూనే ఉంది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మా నాన్న ఒంట్లో బాగాలేదా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. నాకు ఆమె మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు, జాలి మాత్రం పట్టరానంత కలిగింది. అంత పెద్ద మనిషి అంత చిన్నగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున పాలత్త మా బజారుకి రాలేదు. వాకిళ్ళు ఊడ్చి కల్లాపి చల్లుతున్న వేళ, నాయనమ్మ తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తళతళలాడే ఆ సత్తు గిన్నె చేత్తో పట్టుకుని గడప దిగింది. పాల కోసం ఆమె ఇంకొకరి ఇంటికి నడవడం ఊరు ఎప్పుడూ ఎరగదు. చీపుర్లు ఆగిపోయాయి. ఎవరినైనా పంపనా అని మా అమ్మ అడిగితే వద్దంది. నన్ను మాత్రం రావద్దనలేదు, వెనకాలే పోయాను. నర్సక్క తన గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటోంది. నాయనమ్మ ఆమెని దాటి పోతూ తల తిప్పలేదు. నర్సక్క కూడా పలకరించలేదు.

పాలత్త గేదె పొదుగు దగ్గర కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది. నాయనమ్మ వద్దని సైగ చేసి, తడిక దగ్గరే నిలబడింది. అప్పటికే ఊరి చివరి ఇళ్ళవాళ్ళు ఒకరిద్దరు వచ్చి ఉన్నారు, మా బజారు నుంచి కూడా ఏం జరుగుతుందో చూద్దామని ఇద్దరు మా వెనకే వచ్చారు. నాయనమ్మ గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"తప్పు పాలది కాదే అమ్మాయ్. గిన్నెది. గిన్నె నాది. గంజి వార్చి కడక్కుండా పెట్టా" అంది. కొంచెం ఆగి, "నిన్ను నలుగురిలో అన్నా. అందుకే నలుగురిలో చెప్తన్నా. పొయ్యి" అని గిన్నె చాపింది.

పాలత్త గేదె దగ్గర నుంచి లేచి వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, గిన్నె నిండా, అంచు దాకా పోసింది. పోస్తూ ఉంటే ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, వాటిని తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నాయనమ్మ తన కొంగుతో ఆమె మొహం తుడిచింది. వెనక వచ్చిన ఇద్దరూ తమ గిన్నెలు ఇంటి దగ్గరే ఉన్నాయని, తెచ్చుకుంటామని గబగబా వెళ్ళిపోయారు. ఆ పూట పాలత్త బిందె మా బజారువాళ్ళతోనే ఖాళీ అయింది.

మా గేదె ఈనిన తర్వాత కూడా నాయనమ్మ పాలత్త దగ్గర కొంచెం పాలు పోయించుకోవడం మానలేదు. ఎందుకమ్మా అని మా నాన్న విసుక్కుంటే, కాఫీకి ఆ పాలు బాగుంటాయనేది. నర్సక్కతో ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు. నర్సక్కా ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆమెకి సత్తెనపల్లి వైపు బదిలీ అయింది. బస్సు ఎక్కించి వచ్చాక నాయనమ్మ అరుగు మీద కూర్చుని, ఎవరితోనో అన్నట్టు, "ఆ పిల్లకి ఆ రోజు పొద్దున్నే తెలుసు. నాకు తెలిసేదాకా ఆగింది" అంది. అప్పటిదాకా నేను, నాయనమ్మకి ఆ ఆట వెనక సంగతి తెలియదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఉంటున్నాను. నాకూ కోడలుంది, మనవలున్నారు, పనిలోకి వచ్చే అమ్మాయి ఉంది. తప్పులు కనపడకుండా ఉండే ఇల్లు ఎక్కడుంటుంది? నాదసలే ఊరుకునే నోరు కాదు. వెంటనే నలుగురిలో నిలదియ్యాలని నాలుక దురద పెడుతుంది. అలాంటప్పుడు నాకు పాలత్త ఇంటి నుంచి తిరిగి వస్తున్న మా నాయనమ్మ కనపడుతుంది. అంచు దాకా పాలున్న గిన్నె, ఒక్క చుక్క ఒలకకుండా, రెండు వైపులా జనం చూస్తుంటే తల నిటారుగా పెట్టుకుని నడిచి వచ్చింది. తప్పు ఒప్పుకుని వస్తున్న మనిషి అంత ఠీవిగా నడవడం నేను మళ్ళీ చూడలేదు. ఎవరి తప్పయినా నా కంటపడితే, వాళ్ళకీ అలా నడిచి రావడానికి వీలుగా, ఒక పూట ఆగుతాను.